కణంలో పట్టువిడుపులు

నూజివీడు మామిడితోటల ప్రాంతమైన చాట్రాయి పరిసరాలలో నేను వైద్యవృత్తి సాగించిన రోజుల్లో ఒక రైతు నన్ను రెండు ప్రశ్నలు అడిగారు. మొదటి ప్రశ్నకు నేను తప్పు సమాధానం చెప్పాను. ఆ తప్పుకు మూల్యం చెల్లించినది ఆయన. రెండవ ప్రశ్నకు సమాధానం చెప్పబోతూ, మొదటి దానికి కూడా సరియైన సమాధానం అందులోనే ఉన్నదని గ్రహించాను. మధుమేహం ఉన్నవారికీ, వారి కుటుంబ సభ్యులకూ ఉపయోగపడుతుందనే ఉద్దేశంతో ఆ సంగతి ఇక్కడ వ్రాస్తున్నాను.

ఆయన మామిడితోటలు కౌలుకు తీసుకొని కాపు అమ్ముకొనేవారు. వయస్సు యాభైకి అటూ ఇటూ. మధుమేహం బయటపడి రెండేళ్ళయింది, మాత్రలు వాడుతున్నారు. ఒక మే నెల ఉదయం పరగడుపున వచ్చి రక్తపరీక్ష చేయించుకొన్నారు. గ్లూకోజు 212 మిల్లీగ్రాములు ఉన్నది. పరగడుపున అది 100కు లోపు ఉండాలి. 126గానీ అంతకు మించిగానీ ఉంటే మధుమేహంగా పరిగణిస్తాము.

"రాత్రి పండ్లు తిన్నారు కదూ?" అన్నాను.

"లేదండీ. మజ్జిగ తాగి పడుకొన్నాను. ఏమీ తినకుండా పడుకొన్నవాడి రక్తంలోకి చక్కెర ఎక్కణ్ణుంచి వస్తుందండీ?" అన్నారాయన.

ఆయన నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. నాకు మాత్రం అది తప్పించుకోవడానికి చెప్పిన మాటగా తోచింది. "మామిడితోటలో కాపలా పడుకొని పండు ముట్టలేదంటే నమ్మేదెవరండీ?" అన్నాను. గదిలో కూర్చున్న మిగిలిన రోగులు నవ్వారు. ఆయన నవ్వలేదు. చీటీ మడిచి జేబులో పెట్టుకొని వెళ్ళిపోయారు.

ఎనిమిది నెలల తర్వాత మళ్ళీ వచ్చారు. పండ్లు సర్దే చెక్కపెట్టె మేకు అరికాలిలో దిగితే, నొప్పి తెలియక రెండు రోజులు అలాగే నడిచారట. మధుమేహం వలన కాళ్ళ నరాలు మొద్దుబారినవారిలో ఇది తరచుగా జరిగేదే. పుండు లోతుగా చీము పట్టింది. పట్నం పంపించాము, అక్కడ రెండు వేళ్ళు తీసివేయవలసి వచ్చింది. తిరిగి వచ్చాక కట్టు మారుస్తూ, మాత్రలు ఎందుకు ఆపారని అడిగాను. "చక్కెర తిండి వల్లే వస్తుందన్నారు గదండీ. రాత్రి తిండి పూర్తిగా మానేశాను. తిండే మానేసినవాడికి మాత్రెందుకని అదీ మానేశాను" అన్నారు.

ఆ తర్కంలో ఆయన పొరపాటు ఏమీ లేదు. నేను చెప్పిన మాటనే ఆయన చివరి వరకూ అనుసరించారు.

మరుసటి వేసవిలో ఆయన గడ్డిలో మాగబెట్టిన బంగినపల్లి పండ్లు ఒక గంపెడు తెచ్చి ఇచ్చారు. అప్పుడు అడిగినది రెండవ ప్రశ్న. "కోసిన నాడు కొరికితే పళ్ళు పులిసిపోయే కాయండీ ఇది. చెట్టు నుంచి వేరయ్యాక దానికి నీళ్ళు పెట్టినవాళ్ళు లేరు, ఎరువు వేసినవాళ్ళు లేరు. వారం రోజులు గడ్డిలో పడుకొని లేచేసరికి ఇంత తీపి ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?"

సమాధానం చెప్పడానికి నోరు తెరిచి ఆగిపోయాను. తినకుండా పడుకొన్న మనిషి రక్తంలోకి చక్కెర ఎక్కడి నుంచి వచ్చిందని ఏడాది క్రిందట ఆయన అడిగినదీ, ఇదీ ఒకటే ప్రశ్న. రెండు చోట్లా చక్కెర బయటి నుంచి రాలేదు. లోపలి నిల్వ నుంచి వచ్చింది.

పక్వానికి వచ్చిన పచ్చి మామిడికాయలో పిండిపదార్థం నిల్వ ఉంటుంది. పిండిపదార్థమంటే వేలకొద్దీ గ్లూకోజు అణువులు గొలుసులుగా కూర్చబడినది. దానికి తీపి ఉండదు. ఆ గొలుసులు తెగితే చక్కెరలు ఏర్పడతాయి. గొలుసులను తెంచేవి ఎంజైములు. ఎంజైములు చాలా వరకు మాంసకృత్తులే. శరీరంలో జరిగే రసాయనిక మార్పులను ఎన్నో రెట్లు వేగిరపరచడం వాటి పని. పండులో పిండిని చక్కెరగా మార్చేవి కొన్ని, కణాల గోడలలోని పెక్టిన్‌ను కరిగించి కాయను మెత్తబరిచేవి మరికొన్ని. ఇవన్నీ అన్ని వేళలా పనిచేస్తే కాయ పిందెగా ఉన్నప్పుడే కుళ్ళిపోవాలి. అలా జరగడం లేదంటే వాటిని అదుపులో ఉంచే ఏర్పాటు ఒకటి ఉన్నదన్నమాట. వార్తలు మోసే మాంసకృత్తులు ఎంజైములను పట్టుకోవడం, విడిచిపెట్టడం ద్వారా ఈ అదుపు జరుగుతుంది. తెలుగులో పట్టువిడుపులు అనే మాట ఉన్నది. కణం బ్రతుకు అంతా ఆ మాటలోనే ఉన్నదని నాకనిపిస్తుంది.

గడ్డిలో మాగబెట్టేటప్పుడు పండిన కాయ నొకదానిని కుప్పలో ఉంచితే మిగిలినవి త్వరగా పండుతాయని మన పెద్దలకు తెలుసు. ఆ పండు నుంచి వెలువడేది ఎథిలీన్ అనే వాయువు. పండుతున్న ఆపిల్ పండ్లు ఎథిలీన్‌ను విడుదల చేస్తాయని 1934లో ఇంగ్లండులో రిచర్డ్ గేన్ రసాయనికంగా నిరూపించారు. మొక్కలకు ఎథిలీన్ ఒక హార్మోను. అయితే ఒక వాయువు కాయలోని ఎంజైములను ఎలా ఆజ్ఞాపిస్తుంది? ఈ రహస్యం ఆవాల కుటుంబానికి చెందిన అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో 1993 ప్రాంతాన విడివడింది.

కణం లోపలి పొరలలో ఎథిలీన్‌ను గుర్తించే గ్రాహకాలు ఉంటాయి. ఎథిలీన్ వచ్చి అంటుకొనేందుకు వాటిలో రాగి అయాను ఉంటుంది. ఈ గ్రాహకాలను అంటిపెట్టుకొని సీటీఆర్-1 అనే ఎంజైము ఉంటుంది. అది కైనేజు జాతిది. అంటే ఇతర మాంసకృత్తులకు ఫాస్ఫేటు ముద్ర వేసే ఎంజైము. ఎథిలీన్ లేనంతసేపూ గ్రాహకం ఆ కైనేజును పనిచేయిస్తూ ఉంటుంది. అది వేసే ముద్ర వలన పండమనే ఆజ్ఞ కేంద్రకానికి చేరదు. ఎథిలీన్ వచ్చి గ్రాహకంలో కుదురుకోగానే గ్రాహకం రూపు మారుతుంది. కైనేజు పని ఆగిపోతుంది. అంతవరకూ ముద్రతో బందీగా ఉన్న వార్త కేంద్రకానికి చేరి, పిండిని చక్కెరగా మార్చే ఎంజైములూ, గుజ్జును మెత్తబరిచే ఎంజైములూ తయారు కావడానికి దారి తీస్తుంది. మామిడిలోనూ ఈ కుటుంబానికి చెందిన గ్రాహకాలే ఉన్నాయి. కాయ పండడమంటే, ఆపి ఉంచిన పట్టు సడలడం.

కాల్షియం కార్బైడు ఈ గ్రాహకాన్నే మోసగిస్తుంది. తడి తగిలినప్పుడు దాని నుంచి ఎసిటిలీన్ వాయువు వస్తుంది. అది ఎథిలీన్‌ను పోలి ఉండి, బలహీనంగానైనా అదే తాళంలో దూరుతుంది. కార్బైడులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ సమ్మేళనాల మాలిన్యాలు ఉంటాయి గనుక దానితో పండ్లు మాగబెట్టడాన్ని మన ఆహార భద్రతా నిబంధనలు నిషేధించాయి. ఎథిలీన్ వాయువును గదులలో పది లక్షల భాగాలకు 100 భాగాల వరకు వాడుకోవచ్చు.

కైనేజులు వేసే ఫాస్ఫేటు ముద్రకు సరుకు ఏటీపీ అనే అణువు నుంచి వస్తుంది. దీనిని 1929లో వెలుగులోకి తెచ్చిన వారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. అమెరికాలో హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన దానిని కండరాల నుంచి వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా కనుగొన్నారు. ఇకపై నేను చెప్పబోయే ప్రతి ముద్రలోనూ మన సుబ్బారావు గారి ఏటీపీ ఉన్నదని పాఠకులు గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు కాయ నుంచి కాలేయానికి వద్దాము.

మన కాలేయంలో కూడా పిండిపదార్థం వంటిది నిల్వ ఉంటుంది. దాని పేరు గ్లైకోజెన్. దీనిని 1857లో ఫ్రాన్సులో క్లాడ్ బెర్నార్డ్ వేరుచేశారు. భోజనం చేసిన పెద్దవారి కాలేయంలో ఇది సుమారు 100 గ్రాముల వరకు ఉంటుంది. మనం నిద్రించేటప్పుడు కూడా మెదడుకు గ్లూకోజు కావాలి. అందుచేత కాలేయం రాత్రంతా ఈ నిల్వను కొద్దికొద్దిగా విప్పుతూ, మరికొంత గ్లూకోజును మాంసకృత్తుల, క్రొవ్వుల విచ్ఛిన్నంలో వచ్చే పదార్థాల నుంచి కొత్తగా తయారుచేస్తూ రక్తంలోకి వదులుతుంది. ఇది రోగం కాదు. ఇది లేకపోతే మనం తెల్లవారి లేవలేము.

గాదె తలుపు తెరవమని కాలేయానికి చెప్పే హార్మోనులలో ముఖ్యమైనది క్లోమం నుంచి వచ్చే గ్లూకగాన్. భయం, శ్రమ కలిగినప్పుడు ఎడ్రినలిన్ కూడా ఆ పని చేస్తుంది. గ్లూకగాన్ కాలేయకణం లోపలికి వెళ్ళదు. పైపొర మీది గ్రాహకాన్ని తాకుతుంది. గ్రాహకం లోపలి వైపున ఉన్న జి-ప్రోటీన్ అనే మాంసకృత్తిని మేల్కొలుపుతుంది. ఆ ప్రోటీన్‌లో ఒక భాగం విడివడి, పొర వెంబడి జరిగి, ఎడినైలేట్ సైక్లేజ్ అనే ఎంజైమును పట్టుకొంటుంది. పట్టుకొన్నంతసేపూ ఆ ఎంజైము ఏటీపీ నుంచి చక్రీయ ఏఎంపీ అనే చిన్న అణువులను తయారుచేస్తుంది. ఆ అణువులు ప్రోటీన్ కైనేజ్-ఎ అనే ఎంజైము వద్దకు వెళ్తాయి. ఈ కైనేజును నియంత్రక మాంసకృత్తులు పట్టి కదలనివ్వకుండా ఉంచుతాయి. చక్రీయ ఏఎంపీ వచ్చి నియంత్రకాలను అంటుకోగానే అవి పట్టు విడుస్తాయి. స్వేచ్ఛ పొందిన కైనేజు తర్వాతి ఎంజైముకు ముద్ర వేస్తుంది. అది మరొకదానికి వేస్తుంది. చివరకు గ్లైకోజెన్ గొలుసు తెగుతుంది.

ఈ వరుసలోని ఒక్కొక్క మెట్టు తెలియడానికి దశాబ్దాలు పట్టింది. చక్రీయ ఏఎంపీని కనుగొన్న ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో, ఫాస్ఫేటు ముద్రల పనిని వెలికితీసిన ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్‌లకు 1992లో, జి-ప్రోటీన్‌లను కనుగొన్న ఆల్ఫ్రెడ్ గిల్మన్, మార్టిన్ రాడ్‌బెల్‌లకు 1994లో నోబెల్ బహుమతులు వచ్చాయి. సదర్లాండ్ ఆరంభించినది కాలేయం చక్కెరను ఎలా వదులుతుందనే ప్రశ్నతోనే. చాట్రాయి కౌలురైతు నన్ను అడిగినదీ అదే. నేను మాత్రం నవ్వాను.

పట్టుకోవడం ఎంత ముఖ్యమో విడవడం కూడా అంతే ముఖ్యము. జి-ప్రోటీన్‌లో తనను తానే ఆపుకొనే గడియారం ఒకటి ఉన్నది. జీటీపీ అనే అణువును పట్టుకొని పనిలోకి దిగిన ఆ ప్రోటీన్, కొద్దిసేపటికి దానిని తానే విరగగొట్టుకొని నిద్రపోతుంది. ఈ గడియారం ఆగిపోతే ఏమవుతుందో కలరా చూపిస్తుంది. కలరా సూక్ష్మజీవి వదిలే విషం పేగు కణాలలోని ఇదే జి-ప్రోటీన్‌కు ఒక రసాయనపు ముక్కను తగిలించి, జీటీపీని విరగగొట్టనివ్వదు. ఎడినైలేట్ సైక్లేజ్ మీది పట్టు ఇక వదలదు. చక్రీయ ఏఎంపీ పెరిగిపోతుంది. పేగులోకి లవణాలు, వాటి వెంట నీరు ధారలుగా పోతాయి. మనిషి గంటలలో ఎండిపోతాడు. ఈ విషం ఉన్నదని 1959లో కలకత్తాలో శంభునాథ్ దే నిరూపించారు.

ఆ బిగుసుకొన్న పట్టును విడిపించే మందు మన చేతిలో లేదు. అయినా వైద్యం ఉన్నది. గ్లూకోజుతో కలిసి ఉప్పును, దాని వెంట నీటిని పీల్చుకొనే ద్వారం ఒకటి పేగు కణాలకు వేరే ఉన్నది. కలరా విషం దానిని తాకలేదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఆ ద్వారాన్నే ఆధారం చేసుకొని చక్కెర, ఉప్పు కలిపిన నీటిని త్రాగించి, నూటికి ముప్పై వరకు ఉన్న మరణాలను నాలుగు లోపుకు తగ్గించారు. ఒక స్విచ్చు చెడినప్పుడు మరో మార్గాన రోగిని కాపాడవచ్చని ఆ నీళ్ళ గ్లాసు నాకు నేర్పింది. మధుమేహానికి మనం చేసే వైద్యం కూడా అటువంటిదే.

కాలేయపు గాదె తలుపు మూయమని చెప్పేది ఇన్సులిన్. అది గ్రాహకాన్ని తాకగానే గ్రాహకం ఒక వార్తాహర మాంసకృత్తికి ఫాస్ఫేటు ముద్రలు వేస్తుంది. పీఐ-3 కైనేజ్ అనే ఎంజైము రెండు భాగాలు గలది. ఒక భాగం రెండవ దానిని పట్టి ఆపుతూ ఉంటుంది. ముద్రలు పడగానే ఆపే భాగం వెళ్ళి వాటిని అంటుకొంటుంది. పనిచేసే భాగంపై పట్టు సడలుతుంది. అక్కడి నుంచి వార్త సాగి, కాలేయం గ్లూకోజును వదలడం తగ్గించి నిల్వ చేయసాగుతుంది. కండరాలు రక్తం నుంచి గ్లూకోజును తీసుకొంటాయి.

రెండవ తరహా మధుమేహంలో మొదట లోపించేది తరచుగా ఇన్సులిన్ కాదు. దాని మాట వినబడడం. టమాటాలలో ఎన్నటికీ సరిగా పండని ఒక రకం ఉన్నది. దానిలో ఎథిలీన్ గ్రాహకం మార్పు చెంది, ఎథిలీన్ ఉన్నా పట్టించుకోదు. ఇన్సులిన్ నిరోధం అటువంటి చెవుడే. అయితే అది గ్రాహకం తర్వాతి మెట్లలోనే ఎక్కువగా ఉంటుంది. కాలేయంలో, కండరాలలో క్రొవ్వు పేరుకొన్న కొద్దీ ఈ చెవుడు పెరుగుతుంది. మూయమన్న మాట వినబడక, తెరవమన్న మాట మాత్రం వినబడుతూ ఉంటే కాలేయం రాత్రంతా అవసరానికి మించి చక్కెరను వదులుతుంది. రాత్రి మజ్జిగ మాత్రమే త్రాగి పడుకొన్న మనిషికి తెల్లవారేసరికి 212 ఎందుకు ఉన్నదో ఇదే కారణము. ఆయన అబద్ధం చెప్పలేదు. నాకు తెలిసి ఉండవలసినది నాకు ఆ క్షణాన తోచలేదు.

ఇంత వివరంగా కాకపోయినా, కాయనూ కాలేయాన్నీ పోల్చి ఆ రోజు ఆయనకు చెప్పాను. మీరు నిజమే చెప్పారనీ, నేనే పొరబడ్డాననీ కూడా చెప్పాను. ఆయన కొంతసేపు ఆలోచించి, "అంటే గాదె నా లోపలే ఉందన్నమాట. కాపలావాడికి చెవుడొచ్చింది. మాత్ర వేసేది వాడికి వినబడడానికా అండీ?" అన్నారు. చాలా వరకు అంతే అన్నాను. మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా చేసే పని కాలేయం వదిలే గ్లూకోజును తగ్గించడమే. ఆ తర్వాత ఆయన మందులు మానలేదు. నా వద్దకు కొత్త రోగులను తీసుకొనివచ్చి, నేను చెప్పేలోగానే గాదె కథ తానే చెప్పేవారు. కాని పోయిన వేళ్ళు తిరిగి రాలేదు. ఆయన నా గదిలోకి కుంటుతూ వచ్చిన ప్రతిసారీ ఆ మే నెల ఉదయం నాకు గుర్తుకు వచ్చేది.

మధుమేహం ఉన్నవారు ఈ కథ నుంచి గ్రహించవలసినవి కొన్ని ఉన్నాయి. పరగడుపున చక్కెర ఎక్కువగా ఉన్నంత మాత్రాన రాత్రి ఏదో తిన్నారని అర్థం కాదు; ఇంట్లోవారు నిందించడం, రోగి సిగ్గుపడి పరీక్షలు మానడం రెండూ తప్పే. భోజనం మానితే మందు అక్కరలేదని ఎవరూ స్వయంగా నిర్ణయించుకోరాదు. మరొక వైపు, కొన్ని రకాల మాత్రలూ, ఇన్సులిన్ తీసుకొని భోజనం మానితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఉపవాసం ఉండదలచినవారు ముందుగా తమ వైద్యుని అడిగి మోతాదులు సరిచేసుకోవాలి. ఒకటవ తరహా మధుమేహం ఉన్నవారు తిండి సయించని రోజున కూడా ఇన్సులిన్ పూర్తిగా మానరాదు. నడక, బరువు తగ్గడం కణాల చెవుడును తగ్గిస్తాయి. పాదాలను ప్రతిరోజూ చూసుకోవాలి. తోటలలో చెప్పులు లేకుండా నడవరాదు. మామిడిపండు విషము కాదు. చక్కెర అదుపులో ఉన్నవారు అన్నం కొంత తగ్గించి ఒకటి రెండు ముక్కలు తినవచ్చు. రసం తీసి త్రాగరాదు.

వైద్యవృత్తిలో ఉన్న యువతీయువకులకు ఒక్క మాట. రోగి ప్రశ్న మీకు తెలిసినదానికి విరుద్ధంగా తోచినప్పుడు, అతడు అబద్ధమాడుతున్నాడని అనుకొనే ముందు ఇంకొకసారి ఆలోచించండి. రోగి మాటను పట్టించుకోని వైద్యుడు కూడా, ఇన్సులిన్ మాట వినని కణం వంటివాడే. నేను కొంతకాలం అటువంటివాడిగా ఉన్నాను.